ముప్పు పట్టిక నింపేముందు డ్రైవర్లతో కూర్చోండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి హైదరాబాదులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఏడేళ్లు పనిచేశాను. నాలుగు నెలల కిందట దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో, పిల్లల పోషకాహారం మీద పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థలో పరిపాలన, రవాణా వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరాను. మా భద్రతాధికారి మానేసి వెళ్లిపోవడంతో, కొత్తవారు వచ్చేదాకా ఆ బాధ్యత కూడా నన్నే చూడమన్నారు. వచ్చే నెల నుంచి మావాళ్లు జోంగ్లే రాష్ట్రంలోని బోర్‌కు తరచుగా వెళ్లిరావాలి కాబట్టి, రెండు వారాల్లో ముప్పుల విశ్లేషణ పత్రం ఇమ్మని, పాత ఎక్సెల్ పట్టిక ఒకటి చేతికిచ్చారు. ముప్పు పేరు, జరిగే అవకాశానికి అయిదులో ఎన్ని, నష్టానికి అయిదులో ఎన్ని, రెండూ హెచ్చవేస్తే ఏ రంగు అన్నదే ఆ పట్టిక. రెండేళ్లుగా అందులో తేదీ తప్ప ఏదీ మారలేదు. ఎర్రరంగు వేస్తే కార్యక్రమం ఆగిపోయి పిల్లలకు ఆహారం అందదేమోనని భయం. పసుపురంగు వేశాక ఎవరికైనా ఏమైనా అయితే ఆ పాపం నాదేనని ఇంకా భయం. ఇంట్లోవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, వాళ్లకేం చెప్పాలో కూడా తెలియడం లేదు. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, జూబా)

సమాధానం: మీ ఉత్తరంలో "తేదీ తప్ప ఏదీ మారలేదు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సహాయ సంస్థల్లో భద్రత పని చూసిన పదహారేళ్లలో అలాంటి పట్టికలు నా చేతికి చాలానే వచ్చాయి. అవి దాతలకు చూపించడానికి, ఆడిట్ వచ్చినప్పుడు ఫైలులో ఉండటానికి పనికివస్తాయి గాని, పొద్దున్నే ఆరింటికి బండి తాళాలు తీసుకుంటున్న డ్రైవరు "ఇవాళ ఈ దారిన పోవచ్చా" అని అడిగితే జవాబు చెప్పలేవు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిందే విశ్లేషణ. అందుచేత మీకిచ్చిన రెండు వారాల్లో మొదటి వారమంతా ఆ పట్టికను తెరవకండి. రంగులు వేయడం చివరి రోజు పని.

ముందుగా ముప్పు, బలహీనత, రిస్కు అనే మూడు మాటలను మనసులో విడివిడిగా పెట్టుకోండి. మనకు హాని చేయగల మనిషి గాని, గుంపు గాని, పరిస్థితి గాని ముప్పు. అది సాధారణంగా మన చేతిలో ఉండదు. ఆ హాని మన దాకా రావడానికి మనం వదిలిపెట్టిన సందు బలహీనత. దీన్ని పూడ్చడం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. ఈ రెండూ ఒకచోట కలిస్తే ఎంత నష్టం, ఎంత తరచుగా జరగవచ్చన్న అంచనాయే రిస్కు. పాత పట్టికలో బహుశా "మాటు వేసి దాడి" అని ఒక గడి, దాని పక్కన 4 అనో 5 అనో ఒక అంకె ఉండి ఉంటాయి. ఆ రెండు మాటలూ చదివి ఎవరూ ఏమీ చేయలేరు. వాటి స్థానంలో ఒక పూర్తి వాక్యం రాయండి. ఉదాహరణకు: "నెలల తరబడి జీతాలు అందని ఆయుధధారులు, నెలాఖరులో సహాయ సంస్థల బండ్లలో జీతాల డబ్బు ఉంటుందని తెలిసినవారు, సాయంత్రం నాలుగు దాటాక జూబా–బోర్ దారిలో ఊళ్లు లేని చోట ఒంటరిగా వచ్చే వాహనాన్ని ఆపి దోచుకోవచ్చు; బండి ఆగకపోతే కాల్చవచ్చు."

ఈ వాక్యాన్ని ఒక్కొక్క ముక్కగా విప్పి చూడండి. నెలాఖరు అన్నారు గనుక జీతాల డబ్బును రోడ్డు మీద తీసుకువెళ్లకుండా బోర్‌లో చెల్లించే వేరే మార్గం ఉందేమో చూడాలి. సాయంత్రం అన్నారు గనుక, ఆ సుమారు 200 కిలోమీటర్ల దారిలో బండి ఏ గంటకల్లా ఊరు చేరలేకపోతే బయలుదేరనే కూడదో నిర్ణయించాలి. ఒంటరి వాహనం అన్నారు గనుక రెండో బండికి డబ్బు అడగాలి. ఆగకపోతే కాలుస్తారని అన్నారు గనుక, ఆపినప్పుడు ఏం చేయాలో, చేతులు ఎక్కడ ఉంచాలో, ఎవరు మాట్లాడాలో బండిలోని వాళ్లందరికీ ముందే చెప్పి ఉంచాలి. అదే దూరానికి ఐక్యరాజ్యసమితి మానవతా విమానంలో సీటు దొరుకుతుందా, నది మీద పడవలో పోతే అక్కడి చెక్‌పోస్టుల్లో జరిగేదేమిటి అన్న ప్రశ్నలు కూడా ఆ వాక్యం నుంచే పుడతాయి. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవి లేని ముప్పు వాక్యాన్ని మీ పత్రంలో ఉండనివ్వకండి. పట్టికలో పాతిక గడులు నింపేకంటే ఇలాంటి వాక్యాలు ఎనిమిదో తొమ్మిదో రాయగలిగితే మీ పని చాలావరకు అయినట్టే.

"ఎందుకు" అన్న ముక్క దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. మన దగ్గర ఉన్నదాని కోసం వచ్చేవాడు వేరు, మనం ఎవరమో చూసి వచ్చేవాడు వేరు. ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యలో మనకు తగిలే దెబ్బ మూడో రకం. దొంగకు పనికొచ్చే విరుగుడు మనల్నే చంపదలచుకున్నవాడికి పనికిరాదు. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో కెనాల్ హోటల్ మీద జరిగిన ట్రక్కు బాంబు దాడిలో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి సెర్జియో వియెరా ది మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. అంతకు పన్నెండు రోజుల ముందే అదే నగరంలో జోర్డాన్ రాయబార కార్యాలయం ముందు కారు బాంబు పేలింది. అమెరికా సైన్యం కాని లక్ష్యాలను కూడా ఎంచుకుంటున్నారని చెప్పే గుర్తు అది. అయినా, తాము సాయం చేయడానికి వచ్చినవాళ్లం గనుక తమ జోలికి ఎవరూ రారన్న నమ్మకం ఆ గుర్తును మసకబార్చింది. ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్తీ అహ్తిసారి నాయకత్వంలోని విచారణ బృందం సమితి భద్రతా వ్యవస్థ సరిగా పనిచేయడమే లేదని తేల్చింది. ఈనాటి సమితి భద్రతా విభాగం 2005లో ఏర్పడింది ఆ తరువాతే. మీ సంస్థ పిల్లలకు పోషకాహారం ఇస్తుంది కాబట్టి అందరూ ప్రేమిస్తారని మీ పత్రంలో ఎక్కడైనా కనిపిస్తే, అలా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కన రాయండి. ఆ గడి ఖాళీగా మిగిలితే అది మన ఆశ మాత్రమేనని తెలిసిపోతుంది.

మధ్యలో తగిలే దెబ్బ గురించి జోంగ్లేలో పనిచేయబోయేవారికి దూరపు ఉదాహరణలు అక్కరలేదు. 2025 మే 3న అదే రాష్ట్రంలోని ఓల్డ్ ఫంగాక్‌లో 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ ఆసుపత్రి మీద బాంబు దాడి జరిగి మందుల గిడ్డంగి కాలిపోయింది. కనీసం ఏడుగురు మరణించారు. 2015 అక్టోబరు 3న ఆఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో అదే సంస్థ ఆసుపత్రి మీద అమెరికా విమానం జరిపిన దాడిలో 42 మంది పోయారు; ఆ ఆసుపత్రి ఎక్కడుందో చెప్పే జీపీఎస్ వివరాలు ముందే సైన్యానికి ఇచ్చి ఉన్నారు. కార్యాలయం ఎక్కడుందో అన్ని పక్షాలకూ తెలియజేయడం తప్పనిసరిగా చేయవలసిన పనే. అయితే మీ పత్రంలో దాన్ని రక్షణగా లెక్కగట్టి నష్టం అంకె తగ్గించకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతికి వస్తాను. పట్టికలో "సిబ్బంది" అని ఒకే మాట ఉంటుంది. ఆ మాట అబద్ధం. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 383 మంది సహాయ సిబ్బంది హతులయ్యారు. అందులో గాజాలో 181 మంది, సూడాన్‌లో 60 మంది. వీరిలో అత్యధికులు ఆ దేశాలవాళ్లే. మనకు సముద్రానికి అవతలే ఉన్న శ్రీలంకలో, 2006 ఆగస్టులో ముత్తూరు పట్టణంలో ఒక ఫ్రెంచి సహాయ సంస్థకు చెందిన 17 మందిని వాళ్ల కార్యాలయ ఆవరణలోనే కాల్చి చంపారు. పదిహేడుగురూ స్థానిక ఉద్యోగులే. జూబాలో 2013 డిసెంబరులో పోరు మొదలైనప్పుడు విదేశీయులకు విమానాలు వచ్చాయి. అదే రోజుల్లో నువేర్ తెగవారిని ఇంటింటికీ వెతికి చంపుతుంటే, సహాయ సంస్థల్లో పనిచేసే నువేర్లు కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సమితి శిబిరాలకు పరుగెత్తవలసి వచ్చింది. మీకు తక్కువ రిస్కు అయిన దారి మీ గిడ్డంగి కాపలాదారుకు మరణమార్గం కావచ్చు. మీకు ప్రమాదకరమైన ఊరు అతనికి పుట్టిల్లు కావచ్చు. కాబట్టి రాసిన ప్రతి ముప్పు వాక్యం కిందా, ఇది డ్రైవరుకు ఎలా ఉంటుంది, స్థానిక పోషకాహార కార్యకర్తకు ఎలా ఉంటుంది, మీలాంటి విదేశీ మహిళకు ఎలా ఉంటుంది అని వేరువేరుగా రాయండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఎవరు ఏ తెగవారో పేర్లతో సహా పత్రంలో రాయవద్దు. ఆ జాబితా లాప్‌టాప్‌తో పాటు చెక్‌పోస్టులో ఎవరి చేతిలోనైనా పడితే మనం చేసిన విశ్లేషణే కొత్త ముప్పు అవుతుంది. దాన్ని ప్రతి ఉద్యోగితోనూ విడిగా, తలుపు వేసుకుని మాట్లాడి తెలుసుకోవాలి.

మహిళల విషయం కూడా దాపరికం లేకుండా రాయాలి. 2016 జులై 8న జూబాలో అధ్యక్ష భవనం దగ్గర కాల్పులు మొదలయ్యాయి. జులై 11న ప్రభుత్వ సైనికులు టెరెయిన్ హోటల్ ఆవరణలోకి చొరబడి ఒక స్థానిక పాత్రికేయుణ్ణి కాల్చి చంపారు, సహాయ సంస్థల మహిళలపై అత్యాచారాలు చేశారు. సమితి శిబిరం అక్కడికి కిలోమీటరుకు కాస్త అటూఇటూగా ఉంది, లోపలి నుంచి సాయం కోసం ఫోన్లు, సందేశాలు వెళ్లాయి, శాంతిదళం కదలలేదు. ఆ తరువాత దళాధిపతిని తొలగించారు, 2018లో సైనిక న్యాయస్థానం పదిమంది సైనికులకు శిక్ష వేసింది. మీ పత్రానికి ఇందులోంచి తీసుకోవలసినవి రెండు. లైంగిక దాడి ముప్పు నమోదైన ఘటనలు తక్కువగా ఉన్నాయని చెప్పి తక్కువ అంకె వేయకూడదు, ఎందుకంటే జరిగినవాటిలో చాలావాటిని ఎవరూ బయటకు చెప్పరు. ఇక "అవసరమైతే సమితి బలగాలు వస్తాయి" అన్నది రక్షణ చర్యగా రాయకూడదు. భద్రతా సమాచారం పంచుకోవడానికి సమితికీ స్వచ్ఛంద సంస్థలకూ మధ్య 'సేవింగ్ లైవ్స్ టుగెదర్' అనే ఏర్పాటు ఉంది, దాన్ని పూర్తిగా వాడుకోండి. అయితే అది మిమ్మల్ని వచ్చి కాపాడతామన్న హామీ కాదు.

సమాచారం ఎక్కడ దొరుకుతుందంటారా? జూబాలో స్వచ్ఛంద సంస్థల ఫోరం ఉంది, వాళ్ల సమావేశాలకు తప్పకుండా వెళ్లండి. స్వచ్ఛంద సంస్థలకు ఉచితంగా భద్రతా సమాచారం ఇవ్వడానికే 2011లో ఐఎన్ఎస్ఓ అనే సంస్థ పుట్టింది. ఘర్షణల ఘటనలను తేదీ, చోటు వారీగా నమోదుచేసే ఏక్లెడ్ లాంటి సమాచార నిధులూ ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఒక పొరపాటు జరగకుండా చూసుకోండి: పటంలో చుక్కలు లేని చోటు ప్రశాంతంగా ఉందనుకోకూడదు, అక్కడ ఫోన్ సిగ్నల్ లేకపోవచ్చు, లేదా చెప్పేవాళ్లే మిగలకపోయి ఉండవచ్చు.

అన్నిటికంటే మంచి సమాచారం మీ ఆవరణలోనే, డ్రైవర్ల గదిలో ఉంటుంది. ఒకసారి మా డ్రైవరు ఒకరు మధ్యాహ్నం తిరిగి వచ్చి, లాగ్‌బుక్కులో కిలోమీటర్లు రాసి, "ఇవాళ వంతెన దగ్గరి కుర్రాళ్లు సిగరెట్లు అడగలేదు" అని మాత్రం చెప్పి వెళ్లిపోబోయాడు. రోజూ రెండు సిగరెట్లు అడిగి, నవ్వి, దారికి అడ్డంగా కట్టిన తాడు దించే కుర్రాళ్లు ఆ రోజు కొత్త ముఖాలు. అడగకుండానే బండి వెనక తలుపు తీసి చూశారట. రోడ్డు పక్కన టీ అమ్మే ఆడవాళ్లు మిట్టమధ్యాహ్నానికే కెటిళ్లు సర్దుకుని వెళ్లిపోయారని కూడా, అడిగితేనే చెప్పాడు. మర్నాటి ప్రయాణం ఆపేశాం. ఆ రాత్రే ఆ వంతెన దగ్గర రెండు బృందాల మధ్య కాల్పులు జరిగాయి. ఆ మాట రాసుకోవడానికి మా పట్టికలో గడి లేదు. మీరు ఆ గడి చేర్చండి: ఏ ఘటనా జరగకపోయినా, ప్రతి ప్రయాణం తరువాత "ఇవాళ మామూలుగా లేనిదేమిటి" అని డ్రైవరును అడిగి, అతని మాటల్లోనే ఒక వాక్యం రాసిపెట్టండి. చెప్పినందుకు అతన్ని ఎవరూ విసుక్కోకుండా చూడటం మీ బాధ్యత. ఒక్కసారి విసుక్కుంటే రెండోసారి అతను చెప్పడు.

అంకెల దగ్గరకు వచ్చేసరికి, అవకాశాన్ని ఊహించకుండా మీ ప్రయాణాల సంఖ్యతో కట్టివేయండి. నెలకు రెండుసార్లు వెళ్లే దారికీ వారానికి నాలుగుసార్లు వెళ్లే దారికీ ఒకే అంకె ఉండకూడదు. రెండు అంకెలు హెచ్చవేసే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది: వారానికోసారి జరిగే చిన్న దొంగతనానికీ, ఏళ్లకోసారి జరిగే అపహరణకూ ఒకే మొత్తం వచ్చి రెండూ ఒకే రంగులో కూర్చుంటాయి. ప్రాణం పోయే ముప్పులను మొత్తంతో నిమిత్తం లేకుండా విడిగా, పైన పెట్టండి. సీటు బెల్టులు, రోడ్డు ప్రమాదాలు, మలేరియా కూడా పత్రంలో ఉండాలి. వాటికి పెద్ద విశ్లేషణ అక్కరలేదు, పనిచేసే బెల్టు, మంచి టైర్లు, దోమతెర, పరీక్ష కిట్లు ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఇక మీ అసలు భయం, ఎర్రరంగు గురించి. కెన్యాలో సోమాలియా సరిహద్దు దగ్గర దాదాబ్ శరణార్థి శిబిరాలు ఉన్నాయి. 2011 అక్టోబరులో అక్కడ ఇద్దరు స్పానిష్ సహాయ కార్యకర్తలను అపహరించారు కాబట్టి అపహరణ ముప్పు అక్కడ అందరికీ తెలిసిందే. 2012 జూన్ 29న నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్ ఉన్నతాధికారి సందర్శనకు వచ్చిన రోజున, సాయుధ పోలీసు రక్షణ లేకుండానే వాహనాలు బయలుదేరాయి. దాడి జరిగింది, ఒక డ్రైవరు చనిపోయాడు, నలుగురిని ఎత్తుకుపోయారు, నాలుగు రోజుల తరువాత వాళ్లను విడిపించారు. వారిలో ఒకరైన స్టీవ్ డెన్నిస్ సంస్థ మీద దావా వేస్తే, 2015 నవంబరులో ఓస్లో జిల్లా న్యాయస్థానం ఆ అపహరణ ముందే ఊహించగలిగినదేనని, సంస్థ ఘోరమైన నిర్లక్ష్యం చూపిందని తీర్పిచ్చి పరిహారం కట్టమంది. ముప్పు తెలియక జరిగింది కాదిది. ముప్పు గురించి తెలిసినదానికీ, ఆ ఉదయం తీసుకున్న నిర్ణయానికీ మధ్య దారం తెగిపోయింది. మీ పత్రం ఆ దారాన్ని పట్టి ఉంచాలి.

అందుకని రంగు పక్కన మూడు వాక్యాలు చేర్చండి: ఈ ముప్పుకు ఏ చర్యలు ప్రతిపాదిస్తున్నాం, వాటికి ఎంత ఖర్చవుతుంది, అవన్నీ చేశాక ఇంకా మిగిలే రిస్కు ఎంత. ఎర్రరంగు వేస్తే కార్యక్రమం ఆగిపోతుందని లేదు. సాట్‌ఫోన్ (ఉపగ్రహ ఫోన్), రెండో బండి, విమానం సీట్లు ఇచ్చే దాకా బోర్‌కు రోడ్డు మీద వెళ్లవద్దని చెప్పినా, పడవలో ఆహారం ముందు పంపి మనుషులు విమానంలో వెళ్లవచ్చని చెప్పినా ఆ రంగు తన పని చేసినట్టే. దాతలకు రాసే బడ్జెట్లలో భద్రత ఖర్చు అడగడం తప్పు కాదు. మిగిలిన రిస్కును ఒప్పుకునే అధికారం మీది కాదు, దేశ డైరెక్టరుది. ఆ కాగితం మీద ఆయన సంతకం, తేదీ ఉండాలి. అది పెట్టనంటే ఆ విషయాన్ని ప్రధాన కార్యాలయానికి మర్యాదగా ఈమెయిల్‌లో తెలియజేయండి. బండి ఎక్కనన్న ఉద్యోగికి ఉద్యోగం పోదన్న వాక్యం కూడా పత్రంలో ఉండనివ్వండి, అది స్థానిక సిబ్బందికీ వర్తిస్తుందని విడిగా రాయండి.

ఏ గుర్తులు కనిపిస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. పడవలవాళ్లు నడపడం మానేస్తే, సైనికుల కుటుంబాలు బారకాసుల నుంచి వెళ్లిపోతుంటే, బజారులో గోధుమపిండి ధర ఒక్కరోజులో ఎగబాకితే, ఏ గుర్తుకు ప్రయాణాలు ఆపుతాం, ఏ గుర్తుకు మనుషులను వెనక్కి రప్పిస్తాం అన్నవి ప్రశాంతంగా ఉన్న రోజున తేల్చుకోవాలి. కాల్పులు మొదలయ్యాక చర్చించే వ్యవధి ఉండదు.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలని అడిగారు. దాచకండి, భయపెట్టకండి. మీ బీమా పత్రంలో యుద్ధం, అపహరణ మినహాయింపులు ఉన్నాయేమో చదివి, ఉంటే సంస్థను అడగండి. డ్రైవర్లకు, కాపలాదారులకు ఏం బీమా ఉందో కూడా అదే ఈమెయిల్‌లో అడగండి. జూబాలోని భారత రాయబార కార్యాలయంలో మీ పేరు నమోదు చేయించండి. 2016 జులైలో 'సంకట్ మోచన్' పేరుతో వాయుసేన విమానాలు 150 మందికి పైగా మనవాళ్లను జూబా నుంచి తీసుకువచ్చాయి, ఆ జాబితాల్లో పేరు ఉండటం ముఖ్యం. అపహరణ జరిగితే మనిషి బతికే ఉన్నారని నిర్ధారించుకోవడానికి సంస్థలు కుటుంబం మాత్రమే ఎరిగిన ప్రశ్నలు తీసి పెట్టుకుంటాయి. మీ నాయనమ్మ మిమ్మల్ని చిన్నప్పుడు ఏ పేరుతో పిలిచేదో, ఇంటి వెనక ఏ చెట్టు ఉండేదో అలాంటివి, ఫేస్‌బుక్‌లో ఎక్కడా లేనివి ఎంచుకోండి. అమ్మానాన్నలతో కూర్చుని ఆ ప్రశ్నలు ఎంచుకోవడం కష్టంగా ఉంటుంది, అయినా చేయండి. అలాంటిది జరిగితే పత్రికలతో మాట్లాడవద్దని, సంస్థ నియమించిన ఒక్క మనిషితోనే మాట్లాడాలని వాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

సోమవారం పొద్దున పట్టిక పక్కన పెట్టి, కాగితం, పెన్ను తీసుకుని డ్రైవర్ల గదికి వెళ్లండి. బోర్ దారిలో ఎక్కడెక్కడ బండి నెమ్మదించాలో, ఎక్కడ అద్దాలు దించాలో, ఎక్కడ ఎవరూ దిగకూడదో వాళ్లను గీసి చూపించమనండి. వాళ్లు గీసిన ఆ పటం మీద మీ మొదటి ముప్పు వాక్యం రాయండి. మనుషుల పేర్లు తీసేసి ఆ వాక్యాన్ని నాకు పంపితే, మీ గడువు లోపలే చదివి నాకు తోచింది రాస్తాను.